మిగిలిపోయిన రెండు వైర్లు

పని మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, కానీ ముప్పై ఏళ్ళుగా ఉన్న సంగతి. నారాయణగూడలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో నాకు కార్ల కరెంటు పనులు చేసే దుకాణం ఉంది. సెల్ఫులు, డైనమోలు, వైరింగు, లైట్లు, హారన్లు. బండి తెచ్చినాయన నా పక్కనే నిలబడి అదెందుకు తీశారు, ఇదెందుకు పెట్టారు అని మొదలుపెడితే చేతిలో ఉన్న కటింగ్ ప్లేయర్ టక్కున బల్ల మీద పెట్టేసి కుర్చీలో కూర్చుంటాను. ఇంక నువ్వే చేసుకో అని దానర్థం. అందరికీ అర్థమవుతుంది. ఎవరైనా నన్ను ప్రశ్న అడిగితే నాకది తిట్టులా వినబడుతుందని నా భార్య అంటుంది. దానికీ నాకు కోపం వచ్చింది.

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున నేను దుకాణం తీసి అగరుబత్తి వెలిగిస్తుంటే ఒకాయన వచ్చి గడప బయటే నిలబడ్డాడు. నలభై ఐదేళ్ళుంటాయి. బక్క మనిషి, ఎండకు బాగా కమిలిన మొహం, ప్యాంటు మడిచి కట్టుకున్నాడు. ఒక చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో తువ్వాలలో చుట్టిన మూట. మూట విప్పితే నల్లటి ప్లాస్టిక్ ప్యానెల్, దాని మధ్యలో చాబి పెట్టే స్విచ్, వెనక తోకలాగా వైర్లు, వాటి చివర గుచ్చి ఊడదీసే కప్లర్ ఒకటి. ఏ బండిదని అడిగాను. పడవదన్నాడు.

నారాయణగూడలో పడవ స్విచ్ బాగుచేయమని వచ్చినవాడు నాకు అదే మొదలు. ఆయనది ఉప్పల్ దాటాక ఒక చెరువు. తాతల నాటి నుంచి చేపలు పట్టే కుటుంబం. ఐదారేళ్ళ కింద సెకండ్ హ్యాండులో మోటారు పడవ ఒకటి కొన్నాడు. ఏటా సద్దుల బతుకమ్మ నాడు చుట్టుపక్కల కాలనీల పెద్ద బతుకమ్మలన్నీ ఆయన పడవలోనే చెరువు మధ్యకు పోతాయి. చాబి రంధ్రం అరిగిపోయి, అన్నం గిన్నెలో గరిటె తిరిగినట్టు తిరుగుతోంది. చిన్న అల తగిలినా ఇంజను ఆగిపోతోంది. అసలు స్విచ్ కావాలంటే కాకినాడ వైపు నుంచి రావాలి, వారం పడుతుందట. ఆయనకేమో సాయంత్రానికి కావాలి. బిడ్డ అశోక్ నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది, పరీక్ష దగ్గర పడిందని పండక్కి కూడా ఇంటికి రాలేదు. ఆమెకు సద్దులు, మలీద ముద్దలు ఇవ్వడానికి ఎలాగూ ఇటు వచ్చాడు కాబట్టి, స్విచ్ కూడా విప్పుకుని వచ్చాడు. దారిలో ఎవరో నా దుకాణం చెప్పారట.

పడవలు నాకు తెలియవని ఒక్క మాట అని పంపించి ఉండాల్సింది. కానీ ఆ మాట నా నోటి నుంచి ఏ రోజూ రాలేదు. "స్విచ్ అంటే స్విచ్చే. కారుదైనా ఒకటే, క్రేనుదైనా ఒకటే" అన్నాను. ఆయన మొహం తేటపడింది.

కొలతకు సరిపోయే స్విచ్ కోసం కోఠి దాకా పోయాను. పండగ పూట సగం దుకాణాలు మూసి ఉన్నాయి. నాలుగు దుకాణాల మెట్లెక్కి దిగాక జీపుకు వేసే గట్టి స్విచ్ ఒకటి దొరికింది. తిరిగి వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆయన అలాగే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నీళ్ళు కూడా అడగలేదు.

నేను పని చేస్తుంటే మెల్లగా తన పడవ సంగతులు చెప్పాడు. సగం విన్నాను, సగం వినలేదు. విన్న ఆ సగమే తర్వాత నన్ను పరుగెత్తించింది. పడవను అవతలి ఒడ్డున, చేపల వాళ్ళ దిక్కున కట్టేస్తాడట. పొద్దుగూకే వేళకు అక్కడి నుంచి తెచ్చి మెట్ల దగ్గర పెడతాడు. మెట్ల దగ్గర ఆడవాళ్ళు బతుకమ్మలు పట్టుకుని నీళ్ళలో దిగి ఉంటారు, మోకాళ్ళ లోతున కొందరు, నడుము లోతున కొందరు. ఇంజను నడుస్తుండగా దగ్గరికి పోతే అలకు బతుకమ్మలు ఒరిగిపోతాయి, వెనక పంకా ప్రమాదం ఎలాగూ ఉంది.

"నేను గేరు ముట్టనే ముట్టనన్నా. అది బిగుసుకపోయింది, రెండు చేతులు పెట్టి గుంజాలె. ముప్పై అడుగుల దూరం ఉండంగనే చాబి బంద్ జేస్త. ఇంజను ఆగుతది, పడవ దానంతటదే మెల్లగ పోయి మెట్టుకు ఆనుతది. ఇన్నేండ్లల్ల ఒక్క గునుగు పువ్వు రాలలే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం బల్ల మీద నిటారుగా కూర్చున్నాడు.

పాత స్విచ్ వెనక ఐదు వైర్లున్నాయి. కొత్తదానికి మూడే కాళ్ళు. బ్యాటరీ నుంచి వచ్చేది ఒక కాలికి, సెల్ఫుకు పోయేది ఒక కాలికి, మీటరుకు పోయేది ఒక కాలికి సీసం కరిగించి టాంకా పెట్టాను. రెండు మిగిలాయి. ఒకటి ఉత్త నలుపు, ఇంకోటి నలుపు మీద పసుపు గీత. కార్లలో ఇలా వైర్లు మిగలడం నాకు మామూలే. ఏ అలారానికో, ఏ లైటుకో కంపెనీ వాడు ముందుగా లాగి పెడతాడు. రెండింటి కొసలకీ వేరువేరుగా టేపు చుట్టి లోపలికి మడిచాను.

ఆయన ముందుకు వంగాడు. "అన్నా, గీ రెండు వైర్లు దేనియి?"

లైటుకో దేనికో ఉంటాయి, నీ పడవకు పనిలేదని చెప్పాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. "కాదన్నా, పాతదాంట్ల ఇవి కూడ బిగించే ఉండె గద…" అని మొదలుపెట్టాడు. నేను కటింగ్ ప్లేయర్ బల్ల మీద పెట్టాను. టక్కుమంది. ఆయన నా చేతి వైపు చూశాడు, మొహం వైపు చూశాడు, వెనక్కి జరిగి కూర్చున్నాడు. మీకు తెలియదా అన్నా, అడిగినందుకు ఏమీ అనుకోవద్దని సర్ది చెప్పాడు. నేను మళ్ళీ ప్లేయర్ తీసుకున్నాను.

బ్యాటరీ తగిలించి టెస్టు బల్బులు పెట్టి చూపించాను. చాబి బంద్ చేస్తే బల్బు ఆరింది, తిప్పితే వెలిగింది, ఇంకా తిప్పితే సెల్ఫు బల్బు వెలిగింది. ఇంజను చెరువులో ఉంది కాబట్టి ఇంతకంటే చూసేది లేదు. ఆయన ప్యానెల్‌ను పసిపిల్లను చుట్టినట్టు తువ్వాలలో చుట్టుకున్నాడు. కప్లర్ గుచ్చితే చాలునని చెప్పాను. అప్పటికే ఒంటిగంటన్నర. జిరాక్స్ దుకాణం మీద బిడ్డ హాస్టల్ ఉందని, డబ్బా ఇచ్చేసి ఉరకాలని అంటూ పోయాడు. పోతూ నా నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చాడు. పేరు నేను అడగలేదు, ఫోన్‌లో 'పడవ' అని పెట్టుకున్నాను.

పండగ కాబట్టి నాలుగింటికే షట్టర్ దించాను. మా ఇల్లు చిక్కడపల్లిలో. ఇంటికి పోయే దారిలో పాత స్కూటర్లు, మోపెడ్లు బాగుచేసే ముసలాయన ఒకాయన ఉన్నాడు. అందరం ఉస్తాద్ అంటాం. సాయంత్రం ఆయన దగ్గర ఒక చాయ్ తాగితే గాని నాకు రోజు ముగిసినట్టుండదు. ఆ రోజు చాయ్ కంటే గొప్పలు చెప్పుకోవడానికే ఎక్కువ పోయాను. పడవ స్విచ్ మార్చాను ఉస్తాద్, ఇంక విమానం ఒక్కటే మిగిలింది అన్నాను. ఆయన నవ్వాడు. ఎట్లా మార్చావని అడిగితే చెప్పాను. మిగిలిన రెండు వైర్ల సంగతి కూడా చెప్పాను, కంపెనీ వాళ్ళు ఎంత వృథా చేస్తారో చూడమని.

ఆయన నవ్వు ఆగింది. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"చాలూ చేసి చూసినవ్. ఇంజను బంద్ చేసి చూసినవా?"

నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళ పనోణ్ణి పట్టుకుని అడిగే ప్రశ్నేనా అని నోటిదాకా వచ్చింది. ఆయన నా మొహం చూడలేదు. లేచి, రిపేరుకు వచ్చి గోడకు ఆనించి ఉన్న ఒక పాత మోపెడ్ దగ్గరికి పోయాడు. తొక్కి స్టార్ట్ చేశాడు. చాబి బంద్ చేస్తే ఆగింది. మళ్ళీ స్టార్ట్ చేశాడు. ఈసారి హ్యాండిల్ కింద చెయ్యి పెట్టి చాబి స్విచ్ నుంచి వచ్చే కప్లర్ ఊడబీకాడు. చాబి బంద్ చేశాడు. ఇంజను ఆగలేదు. చాబి బయటికి లాగి నా చేతిలో పెట్టాడు. మోపెడ్ డుగడుగమంటూనే ఉంది.

"కారుల బంద్ అంటే వైరు తెగుడు. ఇండ్ల బంద్ అంటే వైరు కలుసుడు. ఇది బ్యాటరీ అడగదు బేటా, లోపల అయస్కాంతం తిరుగుతుంటే దానికదే కరెంటు పుట్టిచ్చుకుంటది. ఆ కరెంటును ఎర్తుకు, అంటే ఇంజను బాడీకి కలిపితేనే చస్తది. పడవ ఇంజను కూడ గిదే జాతి. నువ్వు టేపు జేసినయ్ జూడు, ఆ రెండే దాన్ని ఆపే వైర్లు."

చాబి నా అరచేతిలో ఉంది. కార్లు తప్ప రెండు చక్రాల బండి ముట్టనని గొప్పగా చెప్పుకుంటూ ముప్పై ఏళ్ళు ఈ మోపెడ్ల పక్కనే చాయ్ తాగాను. ఒక్కసారి కూడా ఒకదాని వైరింగు విప్పి చూడలేదు. సిగ్గుపడడానికి కూడా టైము లేదు. ముప్పై అడుగుల దూరం ఉండంగనే చాబి బంద్ చేస్తానన్నాడు. గేరు ముట్టనన్నాడు. పంకా తిరుగుతూనే ఉంటుంది, పడవ ఆగదు. ఎదురుగా నీళ్ళలో నడుము లోతున ఆడవాళ్ళు, చేతుల్లో బతుకమ్మలు. చేతులు ఖాళీగా లేనివాళ్ళు చటుక్కున పక్కకు కూడా జరగలేరు.

'పడవ'కు ఫోన్ చేశాను. రింగవుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాను. నాలుగుసార్లు చేశాక గుర్తొచ్చింది, నీళ్ళలోకి పోయేటప్పుడు ఫోన్ గుడిసెలో పెట్టిపోతానని కూడా చెప్పాడు. టైము ఐదుకు పది నిమిషాలు తక్కువ. అంబర్‌పేట్ మీదుగా ఉప్పల్ దాటి పోవాలంటే మామూలు రోజే గంట. సద్దుల బతుకమ్మ సాయంత్రం చెప్పేదేముంది, పైగా ఏ చెరువో పేరు కూడా సరిగ్గా వినలేదు. ఒడ్డు మీద ఉన్నవాళ్ళకు ఫోన్ చేయమని ఉస్తాద్ అన్నాడు. ఒడ్డు మీద నాకు తెలిసినవాళ్ళు ఎవరున్నారు? కానీ ఆయన బిడ్డకు తెలుస్తారు. బిడ్డ అశోక్ నగర్‌లో ఉంది. అది ఇక్కడి నుంచి నడిచిపోయేంత దూరమే.

ఆ జనంలో కదలదని నా స్కూటర్ అక్కడే వదిలేశాను. అపార్టుమెంట్ల ముందు అప్పుడే బతుకమ్మలు దింపుతున్నారు. చిక్కడపల్లి సందుల్లో ప్రతి మూల మీదా పట్టుచీరలు, తాంబాలాలు, స్పీకర్లు. ఒకచోట రోడ్డుకు అడ్డంగా గుండ్రంగా నిలబడి ఆడుతున్నారు, ఆ వలయాన్ని తోసుకుని పోవడం ఎవరూ చేయని పని. నేను పోయాను. నాకు తెలిసిన మా వీధి ఆడవాళ్ళే, తాగావా అన్నట్టు చూశారు. ఒకావిడ గౌరమ్మను పెట్టిన పళ్ళెం పక్కకు లాక్కుంది. దండం పెట్టి పరుగెత్తాను. యాభై ఆరేళ్ళ ఒళ్ళు, షుగరు, కాళ్ళకు చెప్పులు. ఆ చివరికి పోయేసరికి ఒక చెప్పు తెగింది, రెండోది నేనే వదిలేశాను.

అశోక్ నగర్‌లో జిరాక్స్ దుకాణం మీద హాస్టల్ అని వెతకడం, బియ్యంలో బియ్యపు గింజ వెతకడం లాంటిది. అక్కడ జిరాక్స్ దుకాణం లేని మెట్టు లేదు, హాస్టల్ లేని అంతస్తు లేదు. మొదటిది మగపిల్లల హాస్టల్. రెండోదానికి తాళం వేసి ఉంది, పండక్కి అందరూ ఊళ్ళకు పోయారు. మూడోదాంట్లో వార్డెనమ్మ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. చెప్పుల్లేకుండా, చెమటతో వచ్చి ఒకమ్మాయి కావాలనే మగాణ్ణి చూసి లేచి నిలబడింది.

పేరేమిటంది. తెలియదన్నాను. ఏ ఊరంది. తెలియదన్నాను. మరి ఆ పిల్ల మీకేమవుతుందంది. ఆమె అడిగే ప్రతి ప్రశ్న న్యాయమైనదే. జీవితంలో మొదటిసారి ప్రశ్నలు అడుగుతుంటే కోపం రాలేదు, భయం వేసింది. ఆ పిల్ల తండ్రి పడవ నడుపుతాడు, మధ్యాహ్నం స్టీలు డబ్బా ఇచ్చి పోయాడు, ఆయన ప్రాణం మీదికి వచ్చేలా ఉంది అన్నాను. నా గొంతులో ఏం వినబడిందో మరి, ఆమె మొహం మారింది. ఆ పిల్ల రీడింగ్ హాల్లో ఉందని, రెండు సందుల అవతల అని, మెట్లు దిగి వచ్చి చెయ్యి చాపి చూపించింది.

రీడింగ్ హాల్ గుమ్మం పక్కన చెక్క అరల్లో ఫోన్లు వరుసగా పెట్టి ఉన్నాయి. లోపల ఫ్యాన్ల చప్పుడు, పేజీల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముప్పై నలభై తలలు పుస్తకాల మీద వంగి ఉన్నాయి. పండగ పూట కూడా ఇంటికి పోనివాళ్ళు. నేను గుమ్మంలో నిలబడి, పడవ నడిపే ఆయన బిడ్డ ఇక్కడ ఎవరని గట్టిగా అడిగాను. తలలన్నీ లేచాయి. ఒకరిద్దరు నవ్వారు. వెనక వరుసలో ఒక సన్నటి పిల్ల కుర్చీ వెనక్కి నెట్టి నిలబడింది. తండ్రి పోలికే.

బయటికి తీసుకొచ్చి మూడు ముక్కల్లో చెప్పాను. స్విచ్ మార్చిన మెకానిక్‌ని నేనే. చాబి బంద్ చేస్తే పడవ ఆగదు. మెట్ల దగ్గర ఎవరున్నా ఫోన్ చెయ్యి. ఆ పిల్ల ఎందుకు, ఎట్లా అని అడగలేదు. అరలోంచి ఫోన్ తీసింది. తండ్రి ఎత్తలేదు. తల్లి ఎత్తలేదు. ఇంకోసారి తల్లికి. ఎత్తలేదు. టైము చూశాను, ఐదూ నలభై. అశోక్ నగర్ సందులో ఎండ అప్పటికే గోడల పైకి పోయింది.

తర్వాత మేనత్తకు చేసింది. ఎత్తింది. స్పీకరులో పెడితే ముందు డీజే హోరు తప్ప ఏమీ వినబడలేదు.

"అత్తా, నాయిన ఏడున్నడు?"

"అగో, అవతలి ఒడ్డు నుంచి బయల్దేరిండు. వస్తుండు" అంది అత్త. ఆమె గొంతులో పండగ ఉంది. "మేమందరం నీళ్ళల్లనే ఉన్నం. నువ్వొకదానివే లేవు బిడ్డా."

ఆ పిల్ల ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంది. పడవ ఆగదు, అందర్నీ బయటికి రమ్మని చెప్పింది. అత్తకు వినబడలేదు. మళ్ళీ చెప్పింది. ఏందే, ఇనస్తలేదు అంటోంది అత్త. మూడోసారి ఆ పిల్ల, అప్పటిదాకా పుస్తకాల మధ్య గుసగుసగా బతికిన పిల్ల, సందు సందంతా వినబడేలా అరిచింది. నీళ్ళల్లకెళ్ళి బయటికి రండి అత్తా, పడవ ఆగదు. సందులో ఇడ్లీ బండి దగ్గర తింటున్నవాళ్ళు తలెత్తి చూశారు.

అవతల అత్త కేక, మాతో కాదు. ఒక కేకకు పది కేకలు. నీళ్ళ చప్పుడు. తాంబాలం రాతి మీద పడ్డ చప్పుడు. ఇంజను హోరు దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది, మేమిద్దరం ఆ ఫోన్ మీదికి వంగి ఉన్నాం. అప్పుడు దబ్బుమని ఏదో తగిలింది. కాల్ కట్టయింది.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. పది నిమిషాలని ఆ పిల్ల తర్వాత అంది. నాకు మాత్రం నా వయసంత అనిపించింది. ఎవరికి చేసినా ఎత్తడం లేదు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది, ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. నా తలలో తిరుగుతున్నది మాత్రం ఒకటే. అవతల ఎవరికైనా ఏమైనా అయితే అది ఆ పాత ఇంజను వల్ల కాదు, అరిగిపోయిన చాబి వల్ల కాదు. నా బల్ల మీద పెట్టిన కటింగ్ ప్లేయర్ వల్ల.

ఫోన్ మోగింది. 'నాయిన' అని ఉంది. ఆమె ఇందాకటిలాగే స్పీకరులో పెట్టింది, నేను వింటున్నానన్న ఆలోచన వచ్చి ఉండదు.

"ఏం కాలేదు బిడ్డా. ఎవ్వరికి ఏం కాలేదు. మీ అత్త అందర్ని బయటికి గుంజింది" అన్నాడు. రొప్పుతున్నాడు. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. చాబి బంద్ చేసినా పడవ ఆగకపోతే, స్టీరింగు మొత్తం పక్కకు తిప్పేసి ఒడ్డు పక్కన నీళ్ళ మీద పెరిగిన గుర్రపుడెక్క మొక్కల్లోకి తోలాడు. పడవ ముక్కు మెట్టు అంచుకు తగిలింది, ఆ కుదుపుకు ఆయనకు గడ్డం కింద కొంచెం చీరుకుంది. పంకాకు గుర్రపుడెక్క చుట్టుకుని ఇంజను ఆగింది. అందరి బతుకమ్మలూ బాగానే ఉన్నాయట, రెండు తప్ప. ఆ రెండింటి గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గింది.

అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. దేవుడా అనుకున్నాను. పైకే అన్నానేమో కూడా.

ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు. "తప్పు నాదే బిడ్డా. కొత్త స్విచ్చాయె. నేనే చాబి ఉల్టా తిప్పినట్టున్న. ఆ అన్న మంచిగనే చేసిచ్చిండు, పాపం పండుగ పూట దుకాణం బంద్ జేయకుండ నా కోసం కూసున్నడు. మల్ల నువ్వు పోయి ఆయనకు చెప్పకు. మనసుకు తీసుకుంటడు."

ఆ పిల్ల నా వైపు చూసింది. ఆ చూపును తప్పించుకోవడానికి ఆ సందులో నాకు చోటు లేదు. ఫోన్ ఇమ్మని చెయ్యి చాపాను. ఇవ్వలేదు, ముందుకు పట్టుకుంది అంతే. నేను మాట్లాడాను. తమ్మీ, నేను నారాయణగూడ దుకాణం నుంచి అన్నాను. ఆయన కంగారుపడిపోయి, అన్నా మీరు అక్కడ ఎట్లా అని, ఏం కాలేదు అన్నా అని నాకే ధైర్యం చెప్పడం మొదలుపెట్టాడు. ఇంజను ముట్టుకోవద్దు, రేపు పొద్దున నేనే వచ్చి స్విచ్ మారుస్తాను, టేపు చుట్టిన ఆ రెండు వైర్లే దాన్ని ఆపేవి, నేనే వాటిని వదిలేశాను అని చెప్పాను. తప్పు నాది అన్నాను. ఆ రెండు మాటలు ముప్పై ఏళ్ళలో నేను ఎవరితోనూ అనలేదు. అవతల డీజే ఆగిపోయినట్టుంది, ఎవరో ఆడవాళ్ళు మెల్లగా పాట మొదలుపెట్టారు.

ఆ పిల్ల మెట్టు మీద నా పక్కన కూర్చుంది.

"అంకుల్, ఆ రెండు వైర్లు దేనియని మా నాయిన మిమ్మల్ని అడగలేదా? ఆయన అన్నీ అడుగుతడు."

అబద్ధం చెప్పొచ్చు. ఆయన ఫోన్‌లో వింటున్నా, నన్ను కాపాడడానికి అడగలేదనే అంటాడు. అది కూడా నాకు తెలుసు.

"అడిగిండు బిడ్డా. రెండుసార్లు అడిగిండు. నేను జవాబియ్యలె."

ఆమె తల ఊపింది. ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఇన్నవా నాయినా? నువ్వు చాబి సక్కగనే తిప్పినవ్" అంది.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. ఆయన ఏడుస్తున్నాడని మా ఇద్దరికీ అర్థమైంది.